రాయని అట్రిబ్యూట్ ఎక్కడినుంచి ఊడిపడింది?

ఎక్స్ఎమ్ఎల్ పాతబడిపోయింది, ఇప్పుడంతా జేసనే కదా అనేవాళ్ళు ఏ బ్యాంకు ప్రాజెక్టులోనో, ఇన్సూరెన్సు ప్రాజెక్టులోనో ఒక్క ఏడాది పనిచేసి చూడాలి. అక్కడ ఎక్స్ఎస్‌డీ ఫైళ్ళు ఇంకా దర్జాగా తిరుగుతున్నాయి. ఆ ఎక్స్ఎస్‌డీలో నాకు బొత్తిగా నచ్చనిది ఒకటుంది: అట్రిబ్యూట్లకి డిఫాల్ట్ విలువ ఇచ్చే సౌకర్యం.

స్కీమా అంటే గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిదని మనలో చాలామంది అనుకుంటాం. ఫైలు సరిగ్గా ఉంటే లోపలికి, లేకపోతే వెనక్కి. అంతే! కానీ డిఫాల్ట్ అని ఒక ముక్క రాశామంటే ఆ వాచ్‌మనే మన సంచీ తెరిచి, మనం పెట్టని వస్తువొకటి అందులో పెట్టి మరీ పంపిస్తాడు.

ఒక బిల్లు ఫైలు తీసుకుందాం. బిల్లు ఎలిమెంటుకి కరెన్సీ అనే అట్రిబ్యూట్, స్కీమాలో దాని డిఫాల్ట్ "రూపాయి". (అన్నట్టు, ట్యాగులకి ఇలా తెలుగు పేర్లే పెట్టినా ఎక్స్ఎమ్ఎల్ ఒప్పుకుంటుంది. మనమే పెట్టుకోం :)) పంపినవాడు కరెన్సీ రాయలేదు. స్కీమా తగిలించి చదివే ప్రోగ్రాముకి "రూపాయి" కనిపిస్తుంది. అదే ఫైలుని స్కీమా లేకుండా చదివే రిపోర్టు స్క్రిప్టుకి అసలు ఆ అట్రిబ్యూటే ఉండదు. ఫైలు ఒకటే, చదివినవాళ్ళు ఇద్దరూ కరెక్టే, చేతికొచ్చిన డేటా మాత్రం రెండు రకాలు.

ఇది బగ్ కాదండీ. 2001లో డబ్ల్యూ3సీ ఇచ్చిన స్పెసిఫికేషన్ లోనే ఉంది. వాలిడేషన్ అయ్యాక వచ్చే సమాచారాన్ని అది వేరే పేరుతో పిలుస్తుంది, ఫలానా విలువ ఫైలులోంచి వచ్చిందా, స్కీమాలోంచి వచ్చిందా అని కూడా గుర్తు పెడుతుంది. ఆ గుర్తు చూసుకుని కోడు రాసేవాళ్ళు ఎంతమంది?

జావా సంగతి చూడండి. 2004లో జావా 5తో వచ్చిన వాలిడేటర్ కి సోర్స్ ఒక్కటే ఇస్తే తప్పొప్పులు చెప్పి ఊరుకుంటుంది. రెండో ఆర్గ్యుమెంటుగా రిజల్ట్ కూడా ఇస్తే డిఫాల్టులు నింపి ఇస్తుంది. లిబ్‌ఎక్స్ఎమ్ఎల్2 అయితే ప్రత్యేకంగా ఒక ఆప్షన్ పెడితేనే నింపుతుంది. అంటే బిల్లు ఏ కరెన్సీలో ఉందో ఒక మెథడ్ కి ఎన్ని ఆర్గ్యుమెంట్లు ఇచ్చామన్న దాని మీద ఆధారపడుతుందన్నమాట!

పైగా తికమక రూల్స్. అట్రిబ్యూట్ లేకపోతేనే డిఫాల్ట్ వస్తుంది. ఉండి ఖాళీగా ఉంటే రాదు, టైపు మామూలు స్ట్రింగ్ అయితే ఆ ఖాళీయే పాసైపోతుంది. ఎలిమెంట్ కి మాత్రం ఇది తిరగబడుతుంది: ఎలిమెంట్ ఉండి ఖాళీగా ఉంటేనే డిఫాల్ట్, అసలు లేకపోతే ఏమీ రాదు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి. రెండేళ్ళ తర్వాత ఎవరో డిఫాల్ట్ ని "డాలర్" అని మార్చారనుకోండి. ఆర్కైవ్ లో ఉన్న పాత బిల్లుల్లో ఒక్క బైటు కూడా మారదు, డిజిటల్ సంతకం పెట్టి ఉంటే అదీ చక్కగా సరిపోతుంది. కానీ కొత్త స్కీమాతో చదివితే అవన్నీ డాలర్ బిల్లులు! పోనీ డిఫాల్టులు నింపేశాక సంతకం సరిచూద్దామా అంటే, సంతకంలో లేని అట్రిబ్యూట్ వచ్చి చేరింది కాబట్టి అది ఫెయిలవుతుంది.

డిఫాల్టులు ఎక్కడా పనికిరావని అనను. డాక్యుమెంటేషన్ వాళ్ళు వాడే డీటా చూడండి. అందులో ప్రతి ఎలిమెంటుకీ క్లాస్ అనే అట్రిబ్యూట్ డీటీడీ లోంచో స్కీమా లోంచో వస్తుంది, దాన్ని చేత్తో ఎవరూ రాయరు. కానీ అది ట్యాగు జాతకం లాంటిది, బిల్లుకో మనిషికో సంబంధించిన డేటా కాదు. అక్కడ కూడా డీటీడీ దొరక్కపోతే పని ఆగిపోతుంది. ఈ మధ్య సెక్యూరిటీ వాళ్ళు బయటి డీటీడీలు చదవడం ఆపించేస్తున్నారు (అందులో తప్పులేదు లెండి), దాంతోపాటు వాటిలోని డిఫాల్టులు కూడా చప్పుడు లేకుండా పోతాయి.

రిలాక్స్ ఎన్‌జీ చేసిన జేమ్స్ క్లార్క్, మురాటా మకోటో ఈ విషయంలో తెలివైన పని చేశారు. వాలిడేషన్ అంటే డాక్యుమెంటుని ముట్టుకోకూడదని, డిఫాల్టుల గొడవని వేరే స్పెసిఫికేషన్ లోకి నెట్టేశారు. జేసన్ స్కీమాలో కూడా డిఫాల్ట్ అనేది ఉత్త సమాచారమే, నింపి తీరాలని లేదు. అయినా ఏజేవీ లాంటి లైబ్రరీలు అడిగితే నింపుతాయి, కాబట్టి జేసన్ వాళ్ళూ మరీ మురిసిపోనక్కర్లేదు.

నా మటుకు నాకు కరెన్సీ, పన్ను రేటు, ఆమోదించారా లేదా లాంటివి రిక్వైర్డ్ గానే ఉండాలి. ఫైలు సైజు పెరుగుతుందనేవాళ్ళకి జిప్ అనేది ఒకటుందని గుర్తుచేయాలి. పాత స్కీమా మార్చే వీల్లేదంటే, కనీసం పంపేవాళ్ళ చేత ఆ విలువ ఫైలులోనే రాయించండి. అదీ కుదరకపోతే ఒకే ఫైలుని స్కీమాతో ఒకసారి, లేకుండా ఒకసారి చదివి డిఫ్ తీసే టెస్టు ఒకటి బిల్డ్ లో పెట్టండి. రాయడానికి అరగంట కూడా పట్టదు.