తొలి కొలువు, వయసు పత్రము

పదవ తరగతి పరీక్షలు ముగిసినది మొదలు ఫలితములు వెలువడు వరకును మన బాలబాలికలలో పలువురు ఏదో యొక పనిలో కుదురుకొనుచున్నారు. హోసూరు చుట్టుపట్ల గులాబి తోటలు, కృష్ణగిరి వైపున మామిడి గుజ్జు కర్మాగారములు, బస్సు నిలయము చెంత దుకాణములు, హోటళ్లు వారిని పిలుచుచునే యున్నవి. పుస్తకములకో, ఇంటి అప్పునకో, కడకు ఒక సెల్‌ఫోనుకో నాలుగు రూపాయలు ఆర్జింపవలెనను కోరిక నింద్యము కాదు. కాయకష్టము తక్కువదని మేమెన్నడును బోధింపలేదు. అయితే వయసెంత, ఏ పని, ఏ వేళ అను మూడు ప్రశ్నలను ఎవరును అడుగకుండుట మాకు కలవరము కలిగించుచున్నది.

అమెరికాలోని కాలిఫోర్నియా, న్యూయార్కు రాష్ట్రములలో బడి యీడు పిల్లవాడు పనిలో చేరవలెనన్నచో అనుమతి పత్రము కావలయును. అది సాధారణముగా పాఠశాల ద్వారానే లభించును. మన దేశమున దుకాణములకు, తోటలకు అట్టి పత్రము లేదు. ఇచట వయసే అనుమతి. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించిరి. దాని ప్రకారము 14 ఏండ్లు నిండని వారిని ఎవరును పనిలో పెట్టుకొనరాదు. సొంత కుటుంబపు పనిలో మాత్రము బడి వేళల తరువాతనో, సెలవులలోనో సాయపడవచ్చును. ఈ నియమము మీరిన యజమానికి రూ. 20,000 మొదలు రూ. 50,000 వరకు జరిమానాయో, ఆరు నెలలు మొదలు రెండేండ్ల వరకు కారాగారమో, రెండునో విధింపవచ్చును.

14 నిండి 18 నిండని వారు పని చేయవచ్చును గాని, మూడు గంటలకొక పర్యాయము గంటసేపు విరామ మీయవలెను. విరామముతో కూడ దినమునకు ఆరు గంటలు మించరాదు. వారమున కొకనాడు సెలవు. రాత్రి 7 మొదలు ఉదయము 8 వరకు పని నిషిద్ధము. ఈ చట్టమున తోటలును చేరియున్నవి. తెల్లవారకమునుపే పూలు కోయుటకు పరుల తోటలకు పోవు పిల్లలు మన తరగతులలో ఎందరు కునుకుచున్నారో ఉపాధ్యాయులందరు ఎరుగుదురు!

పని ఎట్టిదో అడుగకపోయిన ఏమగునో మన సరిహద్దుననే చూచితిమి. 2023 అక్టోబరు 7వ తేదీన హోసూరు కావల అత్తిబెలెలో బాణసంచా దుకాణము తగులబడినది. పదునాలుగు మందికి పైగా అసువులు బాసిరి. దీపావళి ముందు నాలుగు డబ్బులు సంపాదింప మన రాష్ట్రము నుండి వెళ్లిన విద్యార్థులు వారిలో నుండిరి. ప్రేలుడు పదార్థముల పని, గనుల పని 18 నిండని వారికి పూర్తిగా నిషిద్ధము. రాతి క్వారీయు గనియే. కూలి ఎక్కువ యని చెప్పి పిలుచు చోటనే తలిదండ్రులు ఎక్కువగా ప్రశ్నింపవలెను.

ఇక కాగితముల మాట. దుకాణపు నియమములైనను, శిక్షణకు చేరునప్పటి ఒడంబడిక యైనను తమిళమునో, ఆంగ్లమునో ఉండును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ప్రకారము మైనరు పక్షమున సంరక్షకుడే ఒడంబడిక చేసికొనవలయును. తెలుగు తప్ప చదువనేరని తండ్రి చూపిన చోట వ్రాలు చేసి వచ్చుచున్నాడు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన మాకును తమిళ దరఖాస్తులను చదివి చెప్పువారు మా విద్యార్థులే. ఇష్టమున్నను లేకున్నను వారు బడిలో తమిళము నేర్చుచున్నారు. ఆ చదువు ఈ వేళ కొరగాకున్న మరెప్పటికి? కావున వ్రాలు చేయు నాడు నాయన పక్కన కొడుకో కూతురో కూర్చుండి ప్రతి పంక్తియు తెలుగున చెప్పవలెను.

వయసును రెండేండ్లు పెంచి చెప్పుట మరియొక దురాచారము. బడి దాఖలాలోని పుట్టిన తేదీ పిల్లవానికి కవచము. దానిని దాచి, ఆధారు కార్డును యజమాని పెట్టెలో నుంచుట ఏ తండ్రికిని తగదు. నకలు చాలును.

బాలుడు ముప్పది దినములు వరుసగా చెప్పక బడి మానినచో ప్రధానోపాధ్యాయుడు అధికారికి తెలుపవలెనని 2017 నాటి నిబంధన. ముప్పది దినములు మిక్కిలి దీర్ఘమని మా అభిప్రాయము. వారము దినములు రాకున్న మేమే ఇంటికి వచ్చి విచారింతుము, తలిదండ్రులు కోపగింపరాదు. ఈ వేసవిలో పనికి కుదురు పదవ తరగతి వారు యజమాని పేరు, పని వేళలు, కూలి ఒక కాగితముపై వ్రాసి తెలుగు పంతులు వద్ద ఉంచి పొండు. కూలి ఎగవేసినను, రాత్రి పనికి నిర్బంధించినను 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును, దానికి రుసుము లేదు.