రఫ్ వర్క్‌లో మగ్గుతున్న మహావిద్య

ఇంటర్ రెండో ఏడాది గణితంలో సమీకరణ వాదం చెప్పే తరగతికి ఒకసారి వెళ్లి చూడండి. బోర్డు మీద ఓ నిలువు గీత, ఓ అడ్డగీత, నాలుగంకెలు. "ఇది షార్ట్‌కట్, టైం కలిసొస్తుంది" అన్న ఒక్క మాటతో సింథటిక్ డివిజన్ పాఠం ముగిసిపోతుంది. జవాబు పత్రంలో దాని చోటు రఫ్ వర్క్ మార్జిన్. ఇంత విద్యకు మనమిచ్చే గౌరవం ఇదేనా?

1247 నాటి గ్రంథంలో చైనా గణితవేత్త చిన్ జియుషావో, లెక్కపుల్లలు పేర్చి పదో ఘాతం దాకా సమీకరణాలు సాధించింది ఈ దారినే. 1804లో ఇటలీలో గణితవేత్త రుఫినికి ఇదే స్వర్ణ పతకం తెచ్చిపెట్టింది. 1819లో ఇంగ్లండులో బడిపంతులు హార్నర్ ఇదే దారి మీద పంపిన పత్రాన్ని రాయల్ సొసైటీ అచ్చువేసింది. అక్కడ పతకాలు పొందిన విద్య మన దగ్గర మార్జిన్‌కు దిగజారిందే!

ఏముంది ఇందులో అంటారా? 2, −5, 1, 7 గుణకాలుగా ఉన్న ఘన బహుపదిని ఎక్స్ మైనస్ 3తో భాగించండి. 2ను అలాగే దించాలి. మూడు రెళ్లు ఆరు, −5కు కలిపితే 1. దానికి మూడు రెట్లు 3, పక్కనున్న 1కి కలిపితే 4. మూడు నాలుగులు పన్నెండు, 7కు కలిపితే 19. భాగఫలం గుణకాలు 2, 1, 4, శేషం 19. ఎక్స్ బదులు 3 పెడితే వచ్చే విలువా అదే. పిల్లల్ని ఇక్కడితో ఆపేస్తున్నారు, అదీ నా బాధ! ఆ 2, 1, 4 గుణకాల భాగఫలాన్ని మళ్లీ ఎక్స్ మైనస్ 3తో భాగించండి. శేషం 25. అదే ఆ బిందువు దగ్గర అవకలజం! వక్రరేఖ వాలు రెండే కూడికల్లో చేతికొచ్చింది. మిగిలిన 2, 7ను ఇంకోసారి భాగిస్తే శేషం 13. ఇప్పుడు 2, 13, 25, 19 వరుసగా రాయండి: మూలాలన్నీ మూడేసి తగ్గిన కొత్త సమీకరణం సిద్ధం. పరీక్షలో ఏటా బట్టీపట్టి రాసే లెక్క వెనక ఇంత అందం ఉందని ఏ విద్యార్థికి చెప్పాం?

గుణకాలను ముందే వేరే రూపంలోకి మలచుకోకుండా, బహుపది విలువ కట్టడానికి ఈ పద్ధతికన్నా తక్కువ గుణకారాలతో పని జరగదని 1966లో గణితవేత్త విక్టర్ పాన్ రుజువు చేశాడు. సాఫ్ట్‌వేర్ కొలువుల్లో మన పిల్లలు వాడే జావాలో, ఒక పదానికి హాష్ కోడ్ తయారయ్యేది 31తో హెచ్చిస్తూ తర్వాతి అక్షరం సంఖ్యను కలుపుకుంటూ పోయే ఈ వరుసలోనే. దీని మీద జీతాలు తీసుకుంటూ దీని పేరే మరిచిపోయిన తరాన్ని తయారుచేసింది ఎవరు?

పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలారా, ర్యాంకుల హోర్డింగులు కట్టే కాలేజీ యాజమాన్యాలారా, మిమ్మల్నే అడుగుతున్నాను. ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో చెప్పడానికి ఒక్క పేజీ కేటాయించలేరా? రెండో వరుస శేషం అవకలజమే ఎందుకైందో అడిగే ఒక్క ప్రశ్నకు నాలుగు మార్కులు పెట్టలేరా? వచ్చే ఏడాది పుస్తకం అచ్చుకు వెళ్లేలోపు ఆ పేజీ రాయించండి.