టీకా వేయించువారి బాధ్యత

టీకాకు జంకువారినెల్ల మూఢులని త్రోసివేయుట మన చదువుకొన్నవారికొక యలవాటైనది. 2021వ సంవత్సరమునఁ గోవిడ్ టీకాలు వచ్చినప్పుడును ఈ మాట విరివిగా వినవచ్చినది. మా యభిప్రాయము వేఱు. మొదటి మోతాదునకే యొడలెల్ల దద్దుర్లు లేచి, ఊపిరాడక, ఆసుపత్రి పాలైనవాఁడు రెండవదానికి వెనుదీసినచో నది మౌఢ్యము గాదు. అతఁడు కోరునది వైద్యుని సమాధానము. టీకా వేసికొమ్మని పిలిచిన ప్రభుత్వమువారే యా సమాధానము దొరకు చోటును గూడఁ జూపవలయును.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమువారు దీనిని చక్కఁగా గుర్తించిరి. టీకాల పిమ్మటఁ గలుగు బాధలను నమోదుచేయుటకు అచ్చట 2007లోనే యొక సంస్థ యేర్పడినది. 2010లో ఆ దేశమున ఇన్‌ఫ్లుయెంజా టీకాలలో నొకదానివలన పసిబిడ్డలకు జ్వరమూర్ఛలు రాఁగా, ఏప్రిల్ నెలలో ఐదేండ్లలోపువారికి ఆ టీకాలను నిలిపివేసిరి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని తల్లిదండ్రుల నమ్మకము పెక్కేండ్లు కోలుకొనలేదు. ఇట్టి యనుభవము వెనుక నుండఁగా, విక్టోరియావారు 2021లో కోవిడ్ టీకాలతోపాటు కొన్ని ప్రభుత్వాసుపత్రులలో ప్రత్యేక టీకా చికిత్సాలయములను నెలకొల్పి వానినొక్క వ్యవస్థగాఁ గూర్చిరి.

అందు జరుగు పనిలో ఆడంబరమేమియు లేదు. పూర్వము తీవ్రమైన అలర్జీ కలిగినవారిని, మొదటి మోతాదునకు బాధపడినవారిని ఊరి వైద్యుఁడచ్చటికిఁ బంపును. నిపుణుఁడు జరిగినదంతయు నిదానముగా వినును. టీకాలోని పాలీఎథిలీన్ గ్లైకాల్, పాలీసార్బేట్ వంటి పదార్థములు పడలేదేమోయని, అవసరమైనచో చర్మముమీఁదఁ బరీక్షించును. పిదప నదే టీకాను తన కన్నులయెదుట వేయించి కొంతసేపు కూర్చుండఁబెట్టుటయో, వేఱు టీకాకు మార్చుటయో, ఇంకను ఆగుమనుటయో నిర్ణయించును. మొదట బాధపడి, ఇట్లు నిపుణుల యెదుటికి వచ్చినవారిలోఁ జాలమంది రెండవ మోతాదును క్షేమముగానే పొందిరి. వెక్కిరింతవలనఁ గాని పని వినుటవలన నైనది!

ఆస్ట్రజెనెకా టీకా పిమ్మట మిక్కిలి యరుదుగాఁ బ్లేట్‌లెట్లు తగ్గి రక్తము గడ్డకట్టు వ్యాధి బయల్పడినప్పుడు, ఆస్ట్రేలియా ప్రభుత్వము 2021 ఏప్రిల్ 8న ఏఁబదియేండ్లలోపువారికి వేఱు టీకా మేలని తెలిపెను. జూన్ 17న ఆ హద్దు నఱువదికిఁ బెంచెను. పూర్వము మెదడు సిరలలో గడ్డలు వచ్చినవారికిఁ గూడ వేఱు టీకానే సూచించిరి. దీనిని జూపి కొందఱు టీకాలన్నియుఁ జెడ్డవనిరి. మేమట్లనము. అనేకుల ప్రాణములు గాచిన టీకాయే కొందఱిని గాయపఱచుట కూడ నిజము. ఆ రెండవ నిజమును దాఁచుటవలననే వదంతులు బలియును.

ఇది మనకుఁ బరాయి సంగతి గాదు. తెలుగు జిల్లాలలో వేసిన కోవిషీల్డు, పూనాలోఁ దయారైన ఆ ఆస్ట్రజెనెకా టీకాయే. మన దేశమునను టీకాబాధలను విచారించు సంఘములు జిల్లా మొదలుకొని గలవు. ఎవరిని నిర్బంధించి టీకా వేయరాదనియు, బాధల వివరములను వ్యక్తుల గుట్టు బయటపడకుండఁ బ్రజలకుఁ దెలుపవలయుననియు 2022 మే 2న సుప్రీముకోర్టువారు తీర్పు చెప్పిరి. ఆ తీర్పును మేము మనసార నామోదించితిమి. కాని విచారణ సంఘము వేఱు, వైద్యశాల వేఱు. కారణమును నిర్ణయించి కాగితము వ్రాయుట సంఘము పని; ‘నేను రెండవది వేసికొనవచ్చునా?’ యని యడుగు మనిషికి వైద్యుఁడు కావలయును. బోధనాసుపత్రి గల ప్రతి జిల్లాలోను వారమున కొక పూట అలర్జీ, రక్త, హృద్రోగ నిపుణులు ఇట్టివారికై కూర్చుండునట్లు చేయుఁడనియు, ఆ స్థలమును వేళను టీకా చీటిమీఁదనే యచ్చు వేయుఁడనియు ప్రభుత్వములవారిని గోరుచున్నాము. పసిబిడ్డల టీకాలు ఏడాది పొడుగున జరుగుచునే యున్నవి గనుక, ఇందుకు మఱియొక మహమ్మారి వచ్చువఱకు ఆగనక్కఱలేదు.