చిగుళ్ల వైద్యమునకు వెల యెట్లు కట్టుదురు?



ఇంట నెవరికి జబ్బు చేసినను ఎట్లో డబ్బు కూర్చు మనము, మన నోట రక్తము వచ్చినపుడు మాత్రము ఉప్పునీళ్లు పుక్కిలించి యూరకుందుము. ఈ మాట ఒరులను గూర్చి కాదు, నన్ను గూర్చియే చెప్పుచున్నాను. రెండేండ్లపాటు ఉదయమున పండ్లు తోముకొనునపుడెల్ల నా చిగుళ్లనుండి రక్తము వచ్చుచుండెను. ఎవరికిని చెప్పనైతిని. మా అమ్మకు ఏబదియేండ్లు నిండకమునుపే పండ్లన్నియు కదలి యూడిపోయినవి. అది వంశలక్షణమని అందఱు ననిరి. నేనును అట్లే యనుకొంటిని.

ఆ రెండేండ్లలో రెండుమారులు మా పట్టణమున నొక దంతవైద్యశాలలో పండ్లు శుభ్రము చేయించుకొంటిని. మారునకు 700 రూపాయలు. పండ్లు తెల్లబడినవి; రక్తము నెలనాళ్లు తగ్గి మరల వచ్చినది. మూడవమారు వేఱొకచోటికి పోగా, వారు నోరు తెఱపించి చూచి, "లోతుగా శుభ్రము చేయవలెను. నోటికంతకు 8,000 అగును" అనిరి. 700 రూపాయల పని 8,000 ఎట్లయ్యెనని నాకు కోపము వచ్చినది. చీటీ పాడి తెచ్చిన సొమ్ము అమ్మాయి కాలేజీ ఫీజునకై బీరువాలో నున్నది. దాని జోలికి పోరాదని యింటికి తిరిగి వచ్చితిని. మఱి నాలుగు నెలలు గడచినవి. ఒకనాడు చెఱకుముక్క కొఱుకగా కుడిప్రక్క క్రింది దవడలో నొక పన్ను కదలినది.

అపుడు మావారికి చెప్పక తప్పినది కాదు. ఆయన బడిలో లెక్కలు చెప్పువారు. నా కథయంతయు విని, "వెల యెక్కువయో తక్కువయో తరువాత చూతము. ముందు దేనికి వెల కట్టుచున్నారో తెలిసికొందము" అనిరి. ఆ మాటయే ఈ వ్యాసమునకు మూలము.

చిగుళ్ల వైద్యములో ప్రత్యేకముగా చదివిన యొక డాక్టరమ్మగారి యొద్దకు పోయితిమి. ఆమె మిల్లీమీటరుల గీతలుగల సన్నని కొలతపుల్ల నొకదానిని తీసికొని, ఒక్కొక్క పంటి చుట్టును ఆరు తావులలో, పంటికిని చిగురునకును నడుమ మెల్లగా దింపి అంకె చెప్పుచుండగా, సహాయకురాలు కాగితముపై వ్రాసికొనెను. నాకున్న 28 పండ్లకు 168 అంకెలు. ఇంతకుముందు నేను పోయినచోట్ల నెవరును ఈ కొలత తీయలేదు. ఆరోగ్యమైన చిగుళ్లలో ఈ లోతు 1 మొదలు 3 మిల్లీమీటరుల వఱకు నుండును. 4 అయినచో అనుమానింపవలెను. 5, 6 అయినచో వ్యాధి సామాన్యముగా ఎముకవఱకు పోయినదన్నమాట. నా కాగితములో ముందుపండ్లకు 2, 3 ఉండగా, క్రింది దవడలో రెండు ప్రక్కల వెనుకపండ్లకు 5, 6 ఉన్నవి. కదలిన పంటియొద్ద 8.

ఇట్లేల యగునో చెప్పెదను. పంటిపై నిత్యము పట్టు పాచి సూక్ష్మజీవుల పొర. దానిని తోమక విడిచినచో, లాలాజలములోని లవణములు చేరి గట్టిపడి గార యగును. ప్రాచీనులు దీని నెఱుగనివారు కారు. సుశ్రుతసంహితలో దీనికి దంతశర్కర యని పేరు; చిగుళ్లకు హాని కలుగకుండ దీనిని తీయవలెనని యందు విధి. పాచియు గారయు చిగురు అంచున నున్నంతవఱకు చిగుళ్లు వాచి రక్తము కారును. ఈ దశలో శుభ్రము చేయించి, పిదప శ్రద్ధగా తోముకొనినచో చిగుళ్లు మరల స్వస్థపడును. వ్యాధి చిగురు క్రిందికి దిగినచో పంటిని పట్టియుంచు తంతువులును ఎముకయు క్రమముగా క్షీణించి, పంటికిని చిగురునకును నడుమ గుంట యేర్పడును. కరగిన యెముక సామాన్యముగా మరల రాదు. ఇంత జరుగుచున్నను పెక్కుమందికి నొప్పి తెలియదు. అదియే ఈ వ్యాధి చేయు మోసము.

మా పుట్టినింట బావి గట్టు కడుగుటకు పనిమనిషి చాలును. పూడిక తీయుటకు మాత్రము మనుష్యులు లోనికి దిగవలెను. వారు లోతు చూడక కూలి చెప్పరు. నేను 700 రూపాయలిచ్చి చేయించుకొన్నది గట్టు కడుగుట. చేయింపవలసినది పూడిక తీయుట. రెంటికి ఒకే పేరు పెట్టుకొని, వెల ఏల భేదించెనని నేను కోపగించితిని.

లోతు శుభ్రతలో మత్తుసూది యిచ్చి, చిగురు క్రింద పంటివేరునంటిన గారను సన్నని పనిముట్లతోను, నీరు చిమ్ముచు అదరు యంత్రముతోను తీసి, వేరును నున్నగా చేయుదురు. కాలము పట్టు పని యగుటచే నోటిని నాలుగు భాగములుగా నెంచి, కొన్ని పర్యాయములలో చేయుట వాడుక. వెలయు తఱచుగా భాగమున కింతయని కట్టుదురు. నా లెక్క యిట్లున్నది: ఎక్సురేలకు 400, క్రింది రెండు భాగములకు 1,800 చొప్పున 3,600, పై రెండు భాగములకు మామూలు శుభ్రతకు 500, పుక్కిలించు మందునకును నొప్పిమాత్రలకును 250, ఆఱు వారముల పిదప పునఃపరీక్షకు 300, వెరసి 5,050 రూపాయలు. ఊరినిబట్టియు, వైద్యునిబట్టియు, వ్యాధినిబట్టియు అంకెలు మారును గావున దీనిని మీ యూరి ధరగా గ్రహింపవలదు. లెక్క వేయు తీరును మాత్రము గ్రహింపుడు. 8,000 చెప్పినవారిని నేను మోసగాండ్రనను. కాని కొలువక చెప్పిన మొత్తము ఎక్కువయో తక్కువయో మనము తేల్చుకొనుట కాధారము లేదు.

కావున డబ్బు కట్టకముందు అడుగవలసినవి ఇవి. చిగుళ్ల లోతు కొలిచితిరా, ఆ కాగితము నాకిత్తురా? ఎన్ని భాగములకు లోతు శుభ్రత కావలెను? చెప్పిన వెలలో ఎక్సురే, మత్తుసూది, పునఃపరీక్ష చేరినవా? దీనితో లోతు తగ్గనిచో తరువాత నేమి చేయుదురు? పండ్లు తెల్లబఱచుట దీనిలో చేర్చిరేమో యదియు చూచుకొనుడు. దానివలన చిగుళ్లకు మేలు లేదు. మధుమేహము, గర్భము, రక్తము పలుచజేయు మందులు ఉన్నయెడల మనమే ముందుగా చెప్పవలెను. మధుమేహము చిగుళ్లవ్యాధిని పెంచును. చిగుళ్లవ్యాధి ముదిరినచో మధుమేహము అదుపు తప్పును. గర్భిణులకు చిగుళ్లు సులభముగా వాచును. అప్పుడు వైద్యము మానవలసిన పని లేదు. పొగచుట్ట త్రాగువారికి రక్తము కనబడకయే వ్యాధి ముదురుట గలదు.

ఇంత సొమ్ము చేతలేనివారు మానుకొనవలసినదేయా? కాదు. విజయవాడ, కడప, హైదరాబాదులలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు కలవు. అచ్చట విద్యార్థులు తమ యధ్యాపకుల పర్యవేక్షణలో ఈ పనియే చేయుదురు. ఖర్చు మిక్కిలి తక్కువ. వేచియుండుటకు ఓపికయు, పలుమారులు పోవుటకు తీరికయు కావలెను. మనకు డబ్బుకంటె తీరిక దుర్లభమని నే నెఱుగనిదానను కాను. అదియు వెలలోని భాగమే యని లెక్క కట్టుకొనుడు.

మఱియొక ఖర్చు మొదట నెవరును చెప్పరు. గారను తీసినంత మాత్రమున వ్యాధి తీరదు. కొన్నాళ్లవఱకు మూడు నాలుగు నెలల కొకమారు పోయి శుభ్రము చేయించుకొనవలెను. నాకు మూడు నెలల కొకమారు 700 చొప్పున ఏడాదికి 2,800. అనగా నెలకు సుమారు 233 రూపాయలు. దీనిని పాలలెక్క ప్రక్కన వ్రాసికొంటిని. పన్ను పోయిన పిదప ఎముకలో మర దింపి కొత్తపన్ను నిలుపుటకు, ఒక్క పంటికే నా మొత్తము ఖర్చునకు అనేక రెట్లగును.

వైద్యము చేయించినచో పండ్లు వదులగునని మా అత్తగారు భయపడిరి. గార పోయి వాపు తగ్గినపుడు పండ్లసందులు ఖాళీగా తోచును. కొన్నాళ్లు చల్లనినీరు జివ్వుమనును. నాకును అట్లే యయ్యెను. అది పంటి బలము తగ్గుట కాదు; ఇన్నాళ్లు గారచే మూయబడిన తావు బయటపడుట.

ఆఱు వారముల పిదప మరల కొలువగా, 5, 6 ఉన్నచోట్ల 3, 4 వచ్చినవి. రక్తము నిలిచినది. 8 ఉన్నచోట 6 వచ్చినది. చిగురు విప్పి శుభ్రము చేయవలెనా, కొన్నాళ్లు చూడవలెనా యని డాక్టరమ్మగారు ఆలోచించుచున్నారు. ఆ పన్ను నిలుచునని ఆమె మాట ఈయలేదు. ఇంటికి తిరిగి వచ్చిన ఆ నాలుగు నెలలలో దానిచుట్టు ఎముక ఎంత పోయెనో ఎవరును చెప్పజాలరు. అమ్మాయి ఫీజును మావారు కాలేజీవారి నడిగి రెండు వాయిదాలలో కట్టిరి. అంత సులభముగా తీరు చిక్కును నేను రెండేండ్లు నోట దాచుకొంటిని.

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన నివేదికలో, తీవ్రమైన చిగుళ్లవ్యాధి లోకమున నూఱుకోట్లమందికి పైగా కలదని యున్నది. మా అమ్మ విషయమున వంశము కొంత కారణము కావచ్చును. కాని ఆమె చిగుళ్ల నెవరును ఒక్కమారైనను కొలిచినవారు లేరు. రేపటి యుదయము పండ్లు తోముకొని యుమిసిన నీటిని పాఱబోయకముందు ఒకమారు చూడుడు. ఎఱ్ఱగా నున్నచో ఆ మాట ఆ దినముననే ఇంటివారితో చెప్పుడు.