చేతులు కట్టుకోమంటే చెయ్యెట్లా తిరుగుతుంది?

రాసేవాణ్ణి మెచ్చుకోవాలంటే ‘చెయ్యి తిరిగిన రచయిత’ అంటాం. వంట బాగా చేసే మనిషిని కూడా అట్లాగే మెచ్చుకుంటాం. అదే చెయ్యి ఇంకొంచెం వేగంగా తిరిగి రూపాయి బిళ్ళని మాయం చేస్తే మాత్రం మాట మారిపోతుంది. ‘చేతివాటం’ అంటే దొంగతనం. పేపర్లో ‘హస్తలాఘవం’ కనిపిస్తే అది జేబుదొంగల వార్త. బడ్జెట్ నచ్చకపోతే ప్రతిపక్షం ‘అంకెల గారడీ’ అంటుంది. ఈ చివరి మాటలో అన్యాయం జరిగింది గారడీవాడికే అని నా అనుమానం. ‘ఇప్పుడు మిమ్మల్ని మోసం చేస్తా, బాగా చూస్కోండి’ అని ముందే చెప్పి మోసం చేస్తాడాయన. ఏ ఆర్థికమంత్రి అట్లా మొదలుపెట్టాడు?

ఇప్పుడిదంతా ఎందుకంటే, కర్నూలు నగరంలో కలిసిపోయిన మా కల్లూరులో మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. అంగళ్ళలో ఎవరూ తీసుకోని పది రూపాయల బిళ్ళకి వాడొక పని కనిపెట్టాడు. సోషల్ పీరియడ్లో బెంచీ కింద దాన్ని అరచేతిలో దాచడం ప్రాక్టీస్ చేస్తూ దొరికిపోయాడు. బిళ్ళ టేబుల్ సొరుగులోకి పోయింది. వాడు గోడ దగ్గర నిలబడ్డాడు. డైరీలో ఎర్ర ఇంకు మా ఇంటికొచ్చింది. బావ ఊళ్ళో లేడు కాబట్టి మేనమామగా నేను వెళ్ళాను. హెడ్మాస్టరు మంచి మనిషే. “నువ్వే చెప్పప్పా, ఇది బడా, సంతా? ఈపొద్దు బిళ్ళ, రేపు పేకముక్కలు, ఎల్లుండి జేబులు. యాడికి పోతాది ఇది?” అన్నాడు.

ఎక్కడికి పోతుందో నాకు తెలిసినంతవరకు ఇక్కడ చెప్తాను. నా మాట మొదటే చెప్పేస్తున్నా. క్లాసులో పిల్లలు గారడీ ప్రాక్టీస్ చెయ్యాలి. బెంచీ కింద దొంగచాటుగా చేస్తున్నది బెంచీ మీదికి రావాలి, టైమ్ టేబుల్లో దానికో గడి ఉండాలి.

‘వాడి చెయ్యి బిళ్ళ మీదున్నా చెవి పాఠం మీదే ఉంది’ లాంటి వాదన నేను చెయ్యను. అది అబద్ధం. నాణేన్ని బొటనవేలి కింది కండకీ, అరచెయ్యి అవతలి అంచుకీ మధ్య ఇరికించి పట్టుకోవాలి. పట్టుకుంటే చాలదు, ఆ చెయ్యి ఏమీ పట్టుకోనట్టు వదులుగా కనబడాలి. ఇది కొత్తగా నేర్చుకునేవాడి మనసంతా ఆ చేతిలోనే ఉంటుంది. పూలంగట్లో ఆమె మూర మీద మూర కడుతూ మీతో బేరమాడగలదంటే, ఆమె చేతికి ఆ పని ఎన్నో ఏళ్ళ కిందటే వచ్చేసింది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి ఇంకా రాలేదు. కాబట్టి ఆ రోజు పాఠం వాడికి ఎక్కలేదు, టీచరమ్మ కోపంలో న్యాయముంది. పాఠం నడుస్తుండగా వద్దనడం వరకు నేనూ ఒప్పుకుంటా. ‘బళ్ళోనే వద్దు’ అన్నప్పుడే తగాదా.

మన బడి పిల్లలకి మొదట నేర్పే పాఠం ‘అ’ కాదు, ‘చేతులు కట్టుకో’. ఆ తర్వాత పదేళ్ళపాటు చేతికి దొరికే పని ఒక్కటే, నోట్సు దించుకోవడం. అచ్చనగాయలూ, గోలీలూ, బొంగరమూ అన్నీ గేటు బయటే. వందసార్లు తప్పిపోయి నూటొకటోసారి కుదిరే అనుభవం మన పిల్లలకి చదువులో ఎక్కడ దొరుకుతోంది? పరీక్షలో తప్పు చేస్తే మార్కు పోతుంది. గారడీలో తప్పు చేస్తే బిళ్ళ ఠంగుమని నేలమీద పడుతుంది, మళ్ళీ తీసుకుంటావు. ఆ చప్పుడు కన్నా నిజాయితీ అయిన పరీక్షాఫలితం నేనెక్కడా చూళ్ళేదు.

‘ఇది సర్కస్ వ్యవహారం, చదువుకీ దీనికీ ఏం సంబంధం?’ అనేవాళ్ళకి ఆల్ఫ్రెడ్ బినే పేరు చెప్పాలి. 1905లో పిల్లల తెలివిని కొలిచే పరీక్షని తయారు చేసిన ఫ్రెంచి శాస్త్రవేత్త ఆయన. ఈనాటి ఐక్యూ పరీక్షలకి మూలపురుషుడు. అంతకు ముందే, 1894లో, గారడీ మీద ఒక వ్యాసం రాశాడు. మాంత్రికుల చేతుల కదలికల్ని వరస ఫొటోలుగా తీయించి చూస్తే, ఫొటోల్లో మాయ మాయమైపోయింది. అంటే మాయ చేతిలో మాత్రమే లేదు, చూసేవాడి దృష్టిలో ఉంది. 2008లో నాడీశాస్త్ర పరిశోధకులు టెల్లర్, జేమ్స్ రాండీ లాంటి మాంత్రికులతో కలిసి ఒక ప్రముఖ సైన్సు పత్రికలో వ్యాసమే రాశారు. మన దృష్టి ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారిపోతుంది అన్న విషయంలో మాంత్రికులకి శతాబ్దాల ప్రయోగానుభవం ఉందని ఒప్పుకున్నారు. ఫోన్లో ఎవడో పోలీసు యూనిఫాం వేసుకుని ‘డిజిటల్ అరెస్టు’ అనగానే చదువుకున్నవాళ్ళే లక్షలు పంపిస్తున్న రోజులివి. అట్లాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఆ ఫోన్‌లో జరిగేదేంటి? తొందరపెట్టడం, దృష్టి మళ్ళించడం, ఆలోచించే సందు ఇవ్వకపోవడం. గారడీలో మొదటి మూడు పాఠాలూ అవే.

రాయలసీమలో ఈ మాటకి ఇంకొంచెం బరువుంది. 1976లో 42వ సవరణతో శాస్త్రీయ దృక్పథాన్ని పెంచుకోవడం పౌరుల విధి అని రాజ్యాంగంలో చేర్చారు. అదే ఏడాది బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమల్ని పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. ఆయనది మన హిందూపురం పక్కనుండే గౌరిబిదనూరు ప్రాంతం. విభూతి సృష్టిస్తారని పేరున్న పుట్టపర్తి సత్యసాయిబాబాకి ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ఎవరి భక్తి జోలికీ నేను పోవట్లేదు. ‘అదెట్లా జరిగింది?’ అని అడగడం మర్యాద తప్పడం కాదు అనే పాఠం మా సీమ పిల్లలకి ఎవరు చెప్పారు అన్నదే నా ప్రశ్న.

జన విజ్ఞాన వేదిక 1988 నుంచీ ఉంది కదా, బళ్ళకొచ్చి మహిమల గుట్టు విప్పుతూనే ఉంది కదా అంటారు. నిజమే, వాళ్ళ శ్రమకి దండం పెడతాను. కానీ అక్కడ చేసేది స్టేజీ మీది కార్యకర్త. పిల్లలు మళ్ళీ చేతులు కట్టుకునే చూస్తారు. ఈ రోజు ఒక కిటుకు తెలుస్తుంది, రేపు ఇంకోడు ఇంకో కిటుకుతో వస్తాడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ డాక్టరు, మహా చదువరి. ఆయన ఆత్మలతో మాట్లాడొచ్చని నమ్మాడు. బడిచదువు అంతంతమాత్రంగా ఉన్న హౌడినీ ఆ మాట్లాడించేవాళ్ళ గుట్టు ఒక్కొక్కటే బయటపెట్టాడు. ‘నేను చేసేవన్నీ కిటుకులే’ అని హౌడినీ మొత్తుకున్నా, ‘కాదు, నీకు నిజంగానే శక్తులున్నాయి’ అన్నాడు డాయిల్. తర్కం రాయగలిగినవాడికి లేని అనుమానం, చెయ్యి తిరిగినవాడికి ఉంది. ఎందుకంటే తన వేళ్ళు ఎన్నిసార్లు తప్పాయో ఆయనకి తెలుసు.

‘మోసం నేర్పినట్టు కాదా?’ అన్నది హెడ్మాస్టరు అసలు భయం. ఉత్త భయం కాదు. దండి ‘దశకుమారచరిత’లో విద్యేశ్వరుడనే ఐంద్రజాలికుడు రాజు ముందు ఒక పెళ్ళి ఆట చూపిస్తాడు. రాజు వినోదం అనుకుని చూస్తూ కూర్చుంటాడు. అక్కడ జరిగింది నిజం పెళ్ళి, పెళ్ళికూతురు రాజుగారి ఇంటి పిల్లే. మోసానికి గారడీ పనికొస్తుందని మన కథలకి ఎప్పట్నుంచో తెలుసు. అయితే ఆ కథలో మోసపోయిందెవరు? ఆట చూడ్డం మాత్రమే తెలిసినవాడు. అరవైమంది క్లాసులో ఒకడికే కిటుకు తెలిస్తే వాడు మిగతావాళ్ళ దగ్గర బలవంతుడు. అరవైమందికీ తెలిస్తే అది చదువు. పిల్లవాణ్ణి బెంచీ కిందికి తోసేది మనమే. అక్కడ వాడు నేర్చుకునే అసలు విద్య నాణెం దాచడం కాదు, టీచరు నుంచి దాచడం.

‘టైమెక్కడిది?’ అంటారు. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పదిరోజులు బ్యాగు లేకుండా, స్థానిక వృత్తులవాళ్ళ దగ్గర పని నేర్చుకోమంటోంది. వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులు అని పేర్లు కూడా చెప్పింది. ఆ కళాకారుల వరసలో గారడీవాడు ఎవరికైనా గుర్తొచ్చాడా?

రాడు. అసలు కథ ఇక్కడుంది. మనకి గారడీ అంటే అసహ్యం లేదు, గారడీవాడంటే ఉంది. విజయనగర కాలపు శాసనాల్లో విప్రవినోదులు కనిపిస్తారు. అగ్రహారాల్లో ఇంద్రజాలం చూపించిన బ్రాహ్మణులు వాళ్ళు, గుడులకి దానాలిచ్చినవాళ్ళుగా రాతి మీదికెక్కారు. వీధిలో డోలు కొట్టి గారడీ చేసినవాడి పేరు ఏ రాతి మీదికీ ఎక్కినట్టు నేను చూళ్ళేదు. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టమైతే, పాడటం, ఆడటం, ప్రదర్శన చెయ్యడం పేరుతో చెయ్యి చాపినా ముష్టికిందే లెక్కగట్టింది. ఢిల్లీలో అమల్లో ఉన్న ఆ చట్టంలోని ముఖ్యమైన సెక్షన్లని 2018లో అక్కడి హైకోర్టు కొట్టేసేదాకా, వీధి మాంత్రికుడు ఆ నగరంలో నేరస్థుడు కాగల మనిషి. మన దగ్గర మేజిక్‌తో పేరు తెచ్చుకుని 2025లో కన్నుమూసిన బి.వి. పట్టాభిరామ్ గారు కూడా, వ్యక్తిత్వ వికాస నిపుణుడు అయ్యాకే ప్రతి ఇంటి పుస్తకాల అరలోకీ వచ్చారు. మేజిక్ మేజిక్‌గా మనకి చాలలేదు. పక్కనున్న కేరళలో గోపీనాథ్ ముతుకాడ్ 1996లోనే తిరువనంతపురంలో మేజిక్ అకాడమీ పెట్టారు. లండన్లో ఒక పక్క చెయ్యి సరిగా పనిచెయ్యని పిల్లలకి మేజిక్ నేర్పుతూ ఆ చేతికి బలం తెప్పించే శిబిరాలు నడుస్తున్నాయి. బిళ్ళ పట్టుకోవడం వ్యాయామం అని చెప్తే విసుక్కునే పిల్ల, మాయం చెయ్యడం అంటే గంటలకొద్దీ చేస్తుంది.

గారడీ కుటుంబాల పిల్లల సంగతి కూడా మాట్లాడాలి. బుట్టలో ముడుచుకుని కూర్చునే పిల్లాడికి బడి లేదు. వాడు బుట్టలోంచి బయటికి రావాల్సిందే, పిల్లల్తో కడుపు నింపుకునే పనిని నేను కళ పేరుతో సమర్థించను. కానీ వాడొచ్చి చేరాల్సిన బడి వాడి ఇంటి విద్యని దొంగతనమంటుంది, వాళ్ళ నాయనని ముష్టివాడంటుంది. ఇంక వాడు ఏ మొహంతో వస్తాడు? చెయ్యి తిరగడమంటే ఏంటో క్లాసు మొత్తానికీ నేర్పగలిగిన ఒకే ఒక్క పిల్లవాడు గేటు బయట నిలబడి ఉంటాడు.

కాబట్టి నేనడిగేది చాలా చిన్నది. ఆ పదిరోజుల్లో ఒక రోజు ఒక గారడీ మనిషిని పిలవండి. కాలేజీకి వచ్చే గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చినట్టే ఆయనకీ కవరులో డబ్బులు పెట్టి ఇవ్వండి, నేల మీద తుండుగుడ్డ పరిపించకండి. టీచరు కుర్చీలో కూర్చోబెట్టండి. రెండు కిటుకులు విప్పి చూపించమనండి, మిగతావి దాచుకోనివ్వండి, అది ఆయన బువ్వ. తర్వాత వారానికొక పీరియడ్ పిల్లల్ని చెయ్యనివ్వండి, బిళ్ళలు కింద పడనివ్వండి, నవ్వుకోనివ్వండి. ఆయన వచ్చిన రోజు ఆయన బిడ్డ పేరు కూడా హాజరు పట్టీలో రాయండి. ఆ పేరు మాత్రం మాయం కాకుండా చూసుకోవడం బడి పని.