పదమూడేళ్ల బౌలర్‌కు జాతకం రాయగలమా?

ఇటీవల ఒక సాయంత్రం సత్యవేడులోని మా ఇంటికి ఒక తండ్రి తన పదమూడేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని వచ్చారు. నగరంలోని ఒక క్రికెట్ శిక్షణ కేంద్రం ఇచ్చిన కాగితం ఆయన చేతిలో ఉన్నది. బాలుడి ఎత్తు, బరువు, ఆరు నెలల బంతి వేగం అందులో పట్టికగా ఉన్నాయి. అట్టడుగున, పద్దెనిమిదో ఏట అతడు ఎంత వేగంగా బౌలింగ్ చేయగలడో చూపే గీత ఒకటి గీశారు. "ఇది చూసి వీణ్ణి బడి మాన్పించి ఆడికే పంపించేయమంటారా సార్?" అని ఆయన అడిగారు. బాలుడు మాత్రం కుర్చీ అంచున, నడుము ఒకవైపు పట్టుకొని కూర్చున్నాడు.

గణాంకాలను నేను తేలికగా చూడను. వైద్యమంతా వాటి మీదే నడుస్తుంది. కానీ ఆ గీత చెప్పని సంగతులు మీరు తెలుసుకోవాలి.

అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట ఉన్నది. అందులో బంతి విసిరే పిచర్ మన బౌలర్ వంటివాడే. ఆటగాళ్ల భవిష్యత్తును లెక్కగట్టడంలో ఆ ఆటను మించినది లేదు. 2003లో అక్కడ పెకోటా అనే పద్ధతి వచ్చింది. ఒక ఆటగాడి వయసు, దేహం, ప్రదర్శన తీసుకొని, పూర్వం అతణ్ణి పోలినవారు ఏమయ్యారో వెదకుతుంది. అది ఒకే అంకె చెప్పి ఊరుకోదు. మంచి జరిగితే ఇంత, చెడు జరిగితే ఇంత అని ఒక పరిధి ఇస్తుంది. అంత సరంజామా ఉన్నవారు కూడా యువ పిచర్ల విషయంలో తడబడతారు. కారణం మోచేయి, భుజం. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్, టామీ జాన్ అనే పిచర్ మోచేతిలో తెగిన స్నాయువును పునర్నిర్మించారు. ఆ శస్త్రచికిత్స నేటికీ ఆ ఆటగాడి పేరుతోనే చలామణీలో ఉన్నది. తెగబోయే స్నాయువు ఏ పట్టికలోనూ కనిపించదు గదా!

మన పిల్లల్లో మరొక చిక్కు. పదమూడేళ్ల ఇద్దరు బాలురలో ఒకరి ఎముకల వయసు పదకొండు, మరొకరిది పదిహేను కావచ్చు, ఇద్దరూ ఆరోగ్యవంతులే. అందుకే బీసీసీఐ 16 ఏళ్లలోపు పోటీలకు మణికట్టు ఎక్స్‌రే తీసి, టీడబ్ల్యూ3 పద్ధతిలో ఎముకల వయసు చూస్తుంది. ముందుగా ఎదిగినవాడి వేగం నేడు ఎక్కువగా ఉంటుంది, తరువాత మిగిలినవారు అందుకుంటారు. కాగితంలోని గీత ఆ తొందర ఎదుగుదలను ప్రతిభగా భ్రమించి పైకి పొడిగించింది.

ఇక పట్టికలోకే రానివారి మాట. హైదరాబాదులో ఆటో డ్రైవర్ కుమారుడైన మహమ్మద్ సిరాజ్ ఎక్కువగా టెన్నిస్ బంతితో ఆడి పెరిగినవాడు. 2015లో రంజీ ట్రోఫీలో అడుగుపెట్టి, 2016-17లో 41 వికెట్లు తీశాడు. 2023 ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు ఆరు వికెట్లు. పదమూడో ఏట అతడికి ఏ యంత్రం ఏ గీత గీసి ఉండేది?

నా అభిప్రాయంలో లెక్క పెట్టవలసినది వేసిన బంతులను. బేస్‌బాల్‌లో 2014లో వచ్చిన మార్గదర్శకాలు 13, 14 ఏళ్ల బాలుడికి రోజుకు 95 బంతులే గరిష్ఠమన్నాయి, ఆపై విశ్రాంతి రోజులూ నిర్ణయించాయి. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు 13 ఏళ్లలోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక విడతలో 5 ఓవర్లు, రోజుకు 10 ఓవర్లు అన్న హద్దును చాలాకాలం పాటించింది. మా బాలుణ్ణి అడిగాను: వారానికి ఆరు రోజులు, లెక్క లేదు. తండ్రికీ తెలియదు. ఆ కాగితంలో దానికి గడే లేదు.

కుడిచేతి బౌలర్‌కు ఎడమ నడుములో, వెనక్కి వంగినప్పుడు ఎక్కువయ్యే నొప్పి రెండు వారాలు దాటితే వెన్నుపూసలో ఒత్తిడి పగులును అనుమానించాలి. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు, ఎమ్మారై అవసరమవుతుంది. అప్పుడే కనిపెడితే కొన్ని నెలలు బౌలింగ్ ఆపడంతో చాలావరకు అతుకుతుంది. నొప్పి ఎన్నాళ్లుగా అని అడిగితే బాలుడు తండ్రి ముఖంలోకి చూసి, దసరా సెలవుల నుంచి అన్నాడు. తండ్రి కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, స్కానింగుకు ఎక్కడికి వెళ్లాలో చెప్పమన్నారు.