యంత్రం వేగం కాదు, అమరిక ముఖ్యం

మీ వంటింట్లోకి ఒకసారి తొంగిచూడండి. పోపుల డబ్బా పొయ్యి దగ్గరే, చేతికందే చోట ఉంటుంది. ఏడాదికి సరిపడా కొట్టించిన కారం మాత్రం జాడీలో, మూతికి గుడ్డ కట్టించుకొని ఓ మూల ఉంటుంది. రెండూ వంట సామాన్లే కదా, చోట్లు ఎందుకు వేరయ్యాయి? ఆవాలు, జీలకర్ర పూటపూటకూ కావాలి. జాడీని ఎప్పుడో ఒకసారి తెరిస్తే చాలు. అంటే వాడకాన్ని బట్టి సర్దుబాటన్నమాట.

కంప్యూటరులో సమాచారాన్ని సర్దడానికీ సూత్రం ఇదే. ఆ సర్దుబాటునే డేటా స్ట్రక్చర్ అంటారు. మీలో చాలామంది ఇప్పుడు ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్నారు. సంఖ్యలను వరుసగా గళ్ళలో పెట్టే పద్ధతిని, అంటే ఎర్రేను, మొదటి పాఠాల్లోనే చెబుతారు. అది తెలియగానే చాలామంది ఏ లెక్క ఇచ్చినా ఆ వరుసను మొదటినుంచి చివరిదాకా తిరగడం మొదలుపెడతారు. ఇది మంచి అలవాటు కాదు. ప్రోగ్రాములో మొదటి అక్షరం రాయకముందే, ఈ వరుసను నేను పదేపదే అడగబోయే ప్రశ్న ఏమిటని ఆలోచించాలి. అమరికను ఆ ప్రశ్నే నిర్ణయించాలి.

మన ప్రాంతపు ఉదాహరణలే తీసుకుందాం. పత్తికీ, మిరపకూ వానే ఆధారం. జూన్ 1 నుంచి రోజువారీ వర్షపాతాన్ని మిల్లీమీటర్లలో వరుసగా రాసుకున్నారనుకోండి. జూలై 1 నుంచి సెప్టెంబరు 30 వరకు మొత్తం ఎంత వాన పడింది? ఆ 92 రోజుల సంఖ్యలూ కూడాలి. ఇలాంటి ప్రశ్నలు వేయి వస్తే? ప్రతిసారీ కూడుతూ కూర్చోవలసిందేనా?

మీ ఇంటి కరెంటు మీటరును చూడండి. అది ఏ రోజుకారోజు వాడకాన్ని విడివిడిగా చూపదు. మొదటినుంచి పెరుగుతూ వచ్చిన మొత్తాన్నే చూపుతుంది. ఇప్పటి రీడింగులోంచి పాత రీడింగు తీసేస్తే బిల్లు లెక్క తేలుతుంది. వానకూ అలాగే చేయండి. నాలుగు రోజుల వాన 12, 5, 7, 20 అయితే పెరిగే మొత్తాలు 12, 17, 24, 44. రెండో రోజు నుంచి నాలుగో రోజు వరకు కావాలంటే 44 లోంచి 12 తీసేయండి. 32 వచ్చింది. 5, 7, 20 కూడి సరిచూసుకోండి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. తీసేయవలసింది రెండో రోజు మొత్తం కాదు, దానికి ముందురోజు మొత్తం. 17 తీసేస్తే రెండో రోజు వానే ఎగిరిపోతుంది!

అయితే ఇదే అన్నిటికన్నా గొప్ప అమరికా? తొందరపడకండి. జూన్ 1 నాటి అంకె తప్పని తేలి దిద్దవలసి వస్తే, ఏడాది పొడుగునా ఉన్న 365 మొత్తాలూ మార్చాలి. అడగడం సులువైంది కాని, దిద్దడం కష్టమైంది. అడగడం, దిద్దడం రెండూ తరచుగా ఉండే లెక్కలకు న్యూజీలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ ఫెన్విక్ 1994లో ఒక అమరికను వివరించాడు. మొత్తాలను చిన్నా పెద్దా గుంపులుగా దాచడమే అందులోని కిటుకు. 365 రోజుల పట్టికలో ఒక అంకె దిద్దడానికైనా, మొదటినుంచి ఒక రోజు వరకు మొత్తం చెప్పడానికైనా తొమ్మిది అడుగులు మించవు.

ఇక గుంటూరు మిర్చి యార్డుకు వెళదాం. సీజన్లో ఒక్కరోజే లక్ష టిక్కీలకు పైగా వచ్చే రోజులుంటాయి. ప్రతి టిక్కీకి ఒక నంబరు వేశారనుకుందాం. ఒకే నంబరు రెండు టిక్కీలకు పడిందా? ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోలిస్తే దాదాపు 500 కోట్ల పోలికలు! అలాకాక వేయి అరలు పెట్టి, నంబరులోని చివరి మూడంకెలను బట్టి చీటీని అరలో వేయండి. 58,347 చీటీ 347వ అరలోకి పోతుంది. ఒకే నంబరున్న చీటీలు ఒకే అరలో పడక తప్పదు. అరకు నూరు చొప్పున సమంగా పడితే మొత్తం పోలికలు 49,50,000 మాత్రమే. సుమారు వెయ్యోవంతు! ఇలా అరలు వేసే ఆలోచనను ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1953లోనే రాసిపెట్టాడు.

కాని ఈ అరలను 'అన్నిటికన్నా పెద్ద నంబరేది?' అని అడిగి చూడండి. చెప్పలేవు. అలాంటి ప్రశ్నలకు చిన్ననుంచి పెద్దకు పేర్చిన వరుస మేలు. అందులో సగానికి సగం తగ్గిస్తూ వెదికితే, లక్షలో ఏ నంబరైనా ఉందో లేదో 17 చూపుల్లో తేలిపోతుంది. అయితే మధ్యలో కొత్త నంబరు చేర్చాలంటే వెనకవాటినన్నిటినీ జరపాలి.

'ఇప్పటి కంప్యూటర్లు వేగమైనవి కదా, ఇంత ఆలోచన ఎందుకు?' అంటారు కొందరు. ప్రతి జతనూ పోల్చే పద్ధతిలో టిక్కీలు రెట్టింపైతే పని నాలుగింతలవుతుంది. రెట్టింపు వేగమున్న యంత్రాన్ని కొనితెచ్చినా మునుపటికన్నా రెట్టింపు సమయం పడుతుంది. డబ్బు పోసి కొన్న వేగాన్ని చెడ్డ అమరిక మింగేస్తుంది. మంచి అమరికకు కావలసింది డబ్బు కాదు, ఆలోచన. మీ బడిలో ఉన్నది పాత కంప్యూటరే అయినా చిన్నబుచ్చుకోకండి. సరిగా సర్దడం తెలిసినవారి చేతిలో అది, సర్దడం తెలియనివారి కొత్త యంత్రాన్ని ఓడించగలదు.

అలాగని ముప్పైమంది హాజరుపట్టీకి వేయి అరలు కట్టనక్కరలేదు. మామూలు వరుసే చాలు. కాబట్టి ఏ అమరిక గొప్పదని బట్టీపట్టకండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎక్కువసార్లు ఏమి అడుగుతారు? ఇది ఎన్నిసార్లు మారుతుంది? అంకెలు ఎన్ని? జవాబులు కాగితం మీద రాసుకున్నాకనే ప్రోగ్రాం మొదలుపెట్టండి.

చివరగా మీకో పని. చీటీల మీద నంబర్లు రాసి, పది అరలు గీసి, చివరి అంకెను బట్టి పంచండి. ఆ నంబర్లన్నీ సున్నాతోనే ముగిస్తే ఏమవుతుంది? అప్పుడు అరలను ఎలా మార్చాలి? మీరే ఆలోచించండి!